స్క్వీజ్ నేర్చుకోవాలంటే ముందు ఒక ట్రిక్కు ఇచ్చేయడం నేర్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: రెండేళ్లుగా బ్రిడ్జ్ (నలుగురు రెండు జట్లుగా ఆడే పేకాట) ఆడుతున్నారు, ఫినెస్ (ఎదుటివాడి పెద్ద ముక్క ఎటుందో ఊహించి చిన్నదానితో గెలవడం) తెలుసు, పొడవైన రంగుని నిలబెట్టుకోవడం తెలుసు, స్క్వీజ్ (అవతలివాడు కావాల్సిన ముక్కే పారేయక తప్పని పరిస్థితి తేవడం) గురించి చదివితే కాగితం మీద బాగానే అర్థమవుతోంది, కానీ డిక్లరర్‌గా (తన చెయ్యీ, ఎదుటి పార్ట్‌నర్ చెయ్యీ తానే ఆడేవాడిగా) కూర్చున్నాక ఒక్కటీ కనిపించడం లేదు, ఆట అయిపోయాక ఎవరో "అక్కడ స్క్వీజ్ ఉందండీ" అంటే అప్పుడు తెలుస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆడుతున్నాను, అందులో మొదటి ఆరేడేళ్లు సరిగ్గా మీరున్న చోటే ఆగిపోయాను. ఎందుకాగిపోయానో తర్వాత అర్థమైంది. స్క్వీజ్‌ని ఎప్పుడూ ఆఖరి మూడు ముక్కల దగ్గర చూపిస్తారు. ఆ బొమ్మలో అన్నీ సర్దేసి ఉంటాయి. బల్ల దగ్గర మన చేతిలో ఉండేవి పదమూడు, అక్కణ్నుంచి ఆ మూడింటి దాకా ఏ దారిలో రావాలో ఆ బొమ్మ చెప్పదు. అందుకని నేను ఒక పూర్తి ఆటతో మొదలుపెడతాను, ఓపిగ్గా చదవండి, వీలైతే పేక తీసి పక్కన పరుచుకోండి. క్లబ్బుల్లో స్పేడ్స్, హార్ట్స్ అనే అంటాం గానీ ఇక్కడ మన ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే రాస్తాను.

ఉత్తరం (డమ్మీ, అంటే బల్ల మీద పరిచిన మీ పార్ట్‌నర్ చెయ్యి)
ఇస్పేటు: ఆసు, రాజు, 7, 2
ఆఠీను: రాణి, 5, 2
డైమను: రాజు, 8, 4
కళావరు: ఆసు, 5, 2

దక్షిణం (మీరు)
ఇస్పేటు: రాణి, 5, 3
ఆఠీను: ఆసు, రాజు, 6, 3
డైమను: ఆసు, రాణి, జాకీ, 5
కళావరు: 8, 4

కాంట్రాక్టు 6 నోట్రంప్, అంటే తురుపు లేకుండా పదమూడు ట్రిక్కుల్లో (ఒక్కొక్కరు ఒక్కో ముక్క వేసే పట్టుల్లో) పన్నెండు గెలవాలి. పడమర కళావరు రాజు వేశాడు. లెక్కపెట్టండి: ఇస్పేటులో మూడు, ఆఠీనులో మూడు, డైమనులో నాలుగు, కళావరులో ఒకటి, మొత్తం పదకొండు. పన్నెండోది కావాలి. బయటున్న ఆరు ఇస్పేట్లు 3-3గా (పడమర, తూర్పు దగ్గర మూడేసి) విడిపోతే డమ్మీలో నాలుగో ఇస్పేటు గెలుస్తుంది, ఆఠీను 3-3గా విడిపోతే మీ చేతిలో నాలుగో ఆఠీను గెలుస్తుంది. ఆరు ముక్కలు 3-3గా విడిపోయే అవకాశం 35.5 శాతం, 4-2 అయ్యేది 48.5 శాతం దాకా. రెండు రంగుల్లో ఏదో ఒకటి కలిసొచ్చే అవకాశం సగం దాటుతుంది కాబట్టి ఆట మంచిదే.

చిన్న ముక్కలు ఒకటో రెండో అటూ ఇటూ అయి ఉండొచ్చు గానీ, ఇలాంటి ఆటే నాకు మా ఊరి క్లబ్బులో వచ్చింది. రాజు పడింది, డమ్మీలో ఆసు ఉంది, వెంటనే వేసేశాను. నాలుగు డైమన్లు లాగాను, ఇస్పేటు చూశాను, 4-2. ఆఠీను చూశాను, అదీ 4-2. పదకొండు ట్రిక్కులతో ఒకటి పోయింది. బ్యాడ్ లక్ అనుకున్నాను. ఎదురుగా డమ్మీ పరిచి కూర్చున్న నా పార్ట్‌నర్, రైల్వేలో రిటైరైన పెద్దాయన, తూర్పు చేతిని తిరగేసి పరిచి చూపించారు:

ఇస్పేటు: జాకీ, 10, 8, 4
ఆఠీను: జాకీ, 10, 7, 4
డైమను: 6, 2
కళావరు: 9, 6, 3

"రెండు రంగులూ ఆయన దగ్గరే ఉన్నాయి బాబూ. మరి నువ్వు డైమన్లు లాగుతుంటే పారేసుకోవడానికి ఆయన దగ్గర కళావర్లు ఎందుకు మిగిలాయి? నువ్వే మిగిల్చావు" అన్నారు. స్క్వీజ్ గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా పనికొచ్చింది ఇంకోటి లేదు.

ఇప్పుడు అదే ఆటని మొదటి ట్రిక్కులో ఆసు వేయకుండా ఆడి చూడండి. కళావరు రాజుని గెలవనివ్వండి. పడమర మళ్లీ కళావరే వేస్తాడు, ఇప్పుడు ఆసుతో పట్టండి. తూర్పు దగ్గర కళావర్లలో రెండు పోయాయి, ఒక్కటి మిగిలింది. డైమన్లు లాగండి. మొదటి రెండింటికీ తూర్పు డైమన్లే వేస్తాడు. మూడోదానికి ఆ మిగిలిన కళావరు పారేస్తాడు. నాలుగో డైమను పడేసరికి ఆయన చేతిలో నాలుగు ఇస్పేట్లు, నాలుగు ఆఠీన్లు, అంతే. ఎనిమిది ముక్కలు ఉంచుకోవాలి, ఏడింటికే చోటుంది. ఇస్పేటు వదిలితే డమ్మీలో నాలుగో ఇస్పేటు గెలుస్తుంది, ఆఠీను వదిలితే మీ చేతిలో నాలుగో ఆఠీను గెలుస్తుంది. డమ్మీలోంచి మీరు పారేసేది మిగిలిన చిన్న కళావరు, దానితో ఎవరికీ పని లేదు. తర్వాత ముందు ఆఠీను రాణి, ఆసు, రాజు లాగి చూడండి. నాలుగోది నిలబడితే సరే, లేకపోతే ఇస్పేటు రాణి వేసి డమ్మీకి వెళ్లండి. తూర్పు ఏం పారేశాడో మీరు సరిగ్గా చూడకపోయినా ఈ వరుసలో ఆడితే పన్నెండు వచ్చేస్తాయి.

రెండు ఆటలకూ తేడా మొదటి ట్రిక్కులో ఒక్క చిన్న ముక్క. దీన్ని ఇంగ్లీషులో రెక్టిఫైయింగ్ ది కౌంట్ అంటారు. లెక్క సరిచేయడం. సూత్రం చాలా చిన్నది: ఇంకా ఆడాల్సిన ట్రిక్కుల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ మీరు ఖాయంగా గెలవగలిగే స్థితి ఉండాలి. మొదటి ట్రిక్కు వదిలేసి రెండోది పట్టాక మీకు పదకొండు ట్రిక్కులు మిగిలాయి, ఖాయమైనవి పది. ఒక్కటి తక్కువ, లెక్క సరిపోయింది. నేను ఆడినట్టు మొదటే ఆసు వేస్తే పన్నెండు మిగిలాయి, ఖాయమైనవి పది, రెండు తక్కువ. రెండు తక్కువైతే అవతలివాడి చేతిలో పారేయడానికి మామూలుగా ఒక పనికిరాని ముక్క ఉంటుంది, మీరెంత లాగినా వాడికి నొప్పి తెలియదు. పోనీ ఆసు వేశాక రెండో ట్రిక్కులో కళావరు వదులుకుందామంటే కుదరదు, పడమర రాణితో పట్టి జాకీ కూడా తీసేసుకుంటాడు. వదులుకోవాల్సినది వదులుకోవడానికి భద్రమైన క్షణం మొదటి ట్రిక్కు ఒక్కటే. ఇలా చాలా ఆటల్లో జరుగుతుంది.

కాబట్టి మీకు బల్ల దగ్గర స్క్వీజ్ కనిపించకపోవడానికి కారణం ఆఖరి మూడు ముక్కలు గుర్తుపట్టలేకపోవడం కాకపోవచ్చు. ఆ స్థితి అసలు ఏర్పడకుండా మొదట్లోనే ఆసు వేసేస్తున్నారేమో చూసుకోండి. 6 నోట్రంప్‌లో పదకొండు, 3 నోట్రంప్‌లో ఎనిమిది లెక్కకొచ్చి, ఓడిపోవడానికి ఇంకా ట్రిక్కులు మిగిలి ఉంటే, లీడ్ అయిన (అవతలివాళ్లు మొట్టమొదట వేసిన) రంగులో ఆసు వేసే ముందు పది సెకన్లు ఆగి "ఇది ఇచ్చేస్తే నాకేం పోతుంది?" అని అడగండి. 3 నోట్రంప్‌లో ఇవ్వాల్సినవి నాలుగు కాబట్టి వాళ్లు ఆ రంగులోనే అయిదు తీసుకుంటారేమో కూడా చూసుకోవాలి, ఊరికే వదిలేయకూడదు.

ఇక లెక్క సరిచేయడం తర్వాత చూడాల్సినవి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గణితం ప్రొఫెసర్‌గా పనిచేసిన క్లైడ్ లవ్ 1959లో దీన్ని నాలుగు మాటల్లో పెట్టాడు: బిజీ, లూజర్, అప్పర్, ఎంట్రీ. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే బ్లూ. మన మాటల్లో చెప్పుకుంటే, బిజీ అంటే ఒకే మనిషి రెండు రంగుల్ని కాపలా కాస్తూ ఉండాలి. లూజర్ అంటే మీకు ఓడిపోయే ట్రిక్కు ఒక్కటే మిగలాలి, పైన చెప్పిందే. అప్పర్ అంటే మీ బెదిరింపు ముక్కల్లో కనీసం ఒకటి ఆ కాపలా మనిషి తర్వాత ఆడే చేతిలో ఉండాలి. ఎంట్రీ అంటే నిలబడిన ముక్క దగ్గరకు వెళ్లే దారి ఉండాలి. బెదిరింపు ముక్క అంటే ఇప్పటికి ఓడిపోయేదే కానీ అవతలివాడు ఒక్కటి వదిలితే గెలిచేసేది, పై ఆటలో డమ్మీ ఇస్పేటు 2, మీ ఆఠీను 3 లాంటివి. రాజు, రాణే బెదిరించాలని లేదు, రెండు కూడా బెదిరిస్తుంది. కొత్తవాళ్లు ఈ చిన్న ముక్కల్ని అసలు పట్టించుకోరు.

అప్పర్ అన్నదే కొంచెం తికమక పెడుతుంది. మూడు ముక్కలతో చూద్దాం. డమ్మీలో ఇస్పేటు ఆసు, జాకీ, ఆఠీను జాకీ. మీ చేతిలో ఇస్పేటు 5, డైమను ఆసు, ఇంకేదో పనికిరాని ముక్క. పడమర దగ్గర ఇస్పేటు రాజు, రాణి, ఆఠీను రాణి. డైమను ఆసు వేయండి. పడమర ఆఠీను రాణి వదిలితే డమ్మీలో ఆఠీను జాకీ ఉంచి ఇస్పేటు జాకీ పారేస్తారు, ఇస్పేటు వదిలితే దానికి తిరగేసి. డమ్మీ పడమర తర్వాత ఆడుతుంది కాబట్టి చూసి పారేయొచ్చు. అవే మూడు ముక్కలు తూర్పు దగ్గర ఉంటే? డమ్మీ ముందు పారేయాలి, మూడూ కావాల్సినవే, ఏది వదిలినా తూర్పు దాన్ని చూసి హాయిగా ఆ రంగే వదిలేస్తాడు. స్క్వీజ్ అయ్యింది మన డమ్మీ.

ఇప్పుడు ఆఠీను జాకీని డమ్మీలోంచి తీసి మీ చేతిలో పనికిరాని ముక్క స్థానంలో పెట్టండి, డమ్మీలో దాని బదులు ఒక చిన్న కళావరు. డైమను ఆసుకి డమ్మీ ఆ కళావరు పారేస్తుంది, ఏ ఆలోచనా అక్కర్లేదు. కాపలా ముక్కలు పడమర దగ్గర ఉన్నా తూర్పు దగ్గర ఉన్నా పనిచేస్తుంది. మొదట చెప్పిన 6 నోట్రంప్ ఆట ఈ రకమే. నా సలహా, మొదటి ఆరు నెలలు ఈ రెండు స్థితులు తప్ప ఇంకేవీ చదవకండి. స్క్వీజ్ రకాలకు పేర్లు లెక్కలేనన్ని ఉన్నాయి, అవి చదువుతూ కూర్చుంటే చదివిన తృప్తి ఉంటుంది, బల్ల దగ్గర మాత్రం ఏదీ గుర్తురాదు.

ఒక్క మినహాయింపు, వియన్నా కూ. ఇది బ్రిడ్జ్ పుట్టకముందు విస్ట్ ఆడే రోజుల్లోదే, పందొమ్మిదో శతాబ్దం నాటిది. నాలుగు ముక్కలు మిగిలాయనుకోండి. డమ్మీలో ఆఠీను ఆసు, ఇస్పేటు రాజు, 7, డైమను 4. మీ దగ్గర ఆఠీను రాణి, 6, డైమను ఆసు, ఇస్పేటు 5. తూర్పు దగ్గర ఆఠీను రాజు, 9, ఇస్పేటు రాణి, జాకీ. ముందు డైమను ఆసు వేస్తే తూర్పు ఆఠీను 9 పారేస్తాడు. ఆఠీను ఆసుకి రాజు రాలిపోతుంది, మీ రాణి నిలబడుతుంది, కానీ మీరు డమ్మీలో ఇరుక్కుపోయారు, చేతికి రావడానికి దారి లేదు. అదే ముందుగా ఆఠీను ఆసు లాగేసి, డైమను 4 తో చేతికి వచ్చి ఆసు వేస్తే తూర్పు చేతిలో ఆఠీను రాజు, ఇస్పేటు రాణి, జాకీ మాత్రమే ఉంటాయి, ఏది వదిలినా పోతుంది. ఆసు లాగేయడం వల్ల ఎదుటివాడి రాజుని మనమే పెద్ద చేసినట్టు ఉంటుంది, అందుకే చెయ్యి ముందుకు రాదు. అది అలవాటు కావడానికి నాకు చాలా ఆటలు పట్టాయి. ఆసు ఒక చేతిలో, రాణి ఇంకో చేతిలో ఉండి రాజు బయట ఉన్నప్పుడల్లా ఇది గుర్తు తెచ్చుకోండి.

డబుల్ స్క్వీజ్ గురించి కూడా అడిగారు. తర్వాత నేర్చుకోండి, కానీ అది ఇద్దరినీ ఒకేసారి నొక్కే మాయ ఏమీ కాదు, రెండు మామూలు స్క్వీజ్‌లు వెంటవెంటనే జరగడం. ఒక రంగుని పడమర ఒక్కడే కాయాలి, ఇంకో రంగుని తూర్పు ఒక్కడే కాయాలి, మూడో రంగుని ఇద్దరూ కాయగలరు. డమ్మీలో ఆఠీను ఆసు, 7, డైమను రాణి. మీ దగ్గర కళావరు ఆసు, ఇస్పేటు జాకీ, ఆఠీను 3. పడమర డైమను రాజుతో పాటు ఆఠీను రాణి, జాకీ పట్టుకున్నాడు, తూర్పు ఇస్పేటు రాణితో పాటు ఆఠీను 10, 9. కళావరు ఆసు వేయండి. పడమర డైమను రాజు వదల్లేడు, ఆఠీను వదులుతాడు. డమ్మీ డైమను రాణి పని అయిపోయింది, పారేయండి. తూర్పు ఇస్పేటు రాణి వదల్లేడు, ఆయనా ఆఠీనే వదులుతాడు. ఆసు వేశాక ఆఠీను 7 గెలుస్తుంది. మొదటిసారి ఇది నా చేతిలో జరిగినప్పుడు ఆ ఏడు గెలిచిన ట్రిక్కుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

తురుపు ఆటల్లో కొత్తవాళ్లను ఆపేది భయం. ఆఖరి తురుపుని ఎలాగైనా దాచుకోవాలనిపిస్తుంది. తురుపులే పొడవైన రంగు కాబట్టి చాలాసార్లు నొక్కే ముక్క ఆ ఆఖరి తురుపే. పన్నెండు ఉన్నాయి, పదమూడోది లేదు, చేయడానికి ఇంకేమీ కనిపించడం లేదు అన్నప్పుడు తురుపులన్నీ లాగేయండి. స్క్వీజ్ లేకపోయినా అవతలివాళ్లు టెన్షన్‌లో తప్పు ముక్క పారేసే ఆటలు బోలెడు. పెయిర్స్ (అవే చేతుల్ని అన్ని బల్లల దగ్గరా ఆడించి స్కోర్లు పోల్చే పోటీ) ఆడుతుంటే ఆ ఒక్క అదనపు ట్రిక్కుతోనే టాప్, అంటే అందరికన్నా మంచి స్కోరు, రావచ్చు.

లాగేటప్పుడు అన్ని ముక్కల్నీ గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించకండి, అదే చాలామందిని అలసిపోయేలా చేస్తుంది. మీ బెదిరింపు ముక్కలు రెండే కదా, ఆ రెండు రంగుల్లో బయట ఎన్ని ఉన్నాయో మాత్రమే లెక్కపెట్టండి. ఇంకో చిట్కా: లీడ్ చేసినవాడి దగ్గర ఒక రంగు పొడవుగా ఉందని తెలిస్తే మిగతా రంగులకు వాడి చేతిలో చోటు తక్కువ, కాబట్టి కాపలా ముక్కలు వాడి పార్ట్‌నర్ దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. పై ఆటలో పడమర దగ్గర అయిదు కళావర్లున్నాయి, తూర్పు దగ్గర ఇస్పేటు, ఆఠీను రెండూ పొడవుగా చేరడం అందుకే అంత వింతేమీ కాదు.

అభ్యాసం ఎలా అంటే, ముందు పైన రాసిన మూడు నాలుగు ముక్కల స్థితుల్ని నిజం పేకతో బల్ల మీద పరిచి నాలుగు చేతులూ మీరే ఆడండి. తెర మీద చదవడం వేరు, తూర్పు కుర్చీలో కూర్చుని ఆ ముక్కలు చేత్తో పట్టుకుని ఏది వదలాలా అని చూసుకోవడం వేరు. రెండోది, బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో (ఇంటర్నెట్‌లో బ్రిడ్జ్ ఆడే సైటు) మీరు ఆడిన ఆటల్ని తర్వాత తిరిగి తెరిచి, నాలుగు చేతులూ చూసి ఎన్ని ట్రిక్కులు సాధ్యమో చెప్పే విశ్లేషణ పెట్టండి. మీరు పదకొండు చేసిన చోట అది పన్నెండు అంటుంటే, అందులో ఫినెస్ ఏదీ లేకపోతే, దాదాపుగా స్క్వీజో ఎండ్‌ప్లేనో (అవతలివాడికి ఆట అప్పగించి వాడి చేతే మనకు ట్రిక్కు ఇప్పించడం) ఉన్నట్టే. ఏ ట్రిక్కు దగ్గర పన్నెండు కాస్తా పదకొండు అయిందో ఒక్కో ముక్కా జరుపుతూ వెతకండి. చాలాసార్లు అది రెండో మూడో ట్రిక్కు దగ్గర దొరికి మీకే ఆశ్చర్యం వేస్తుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. డిఫెన్స్‌లో ఉన్నప్పుడు డిక్లరర్ పొడవైన రంగు లాగుతుంటే ఏ ముక్క పారేయాలో తెలియక మీ గుండె దడదడలాడిన ఆటలు ఉంటాయి కదా, వాటిని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. అవి మీ మీద జరిగిన స్క్వీజ్‌లు, డిక్లరర్‌కి తెలిసి చేసినా తెలియక చేసినా. ఆ నొప్పి ఎప్పుడు మొదలైందో, ఏ ముక్క పారేశాక మీకిక దారి లేకుండా పోయిందో రాసుకుంటూ పోతే, కొన్నాళ్లకు డిక్లరర్ కుర్చీలో కూర్చున్నప్పుడు అవతలివాడి చెయ్యి ఎప్పుడు నిండుకుంటుందో ఊహకు అందుతుంది.

ఒక జాగ్రత్త కూడా. స్క్వీజ్ మీద మోజు పడ్డాక మామూలు ఫినెస్‌తో వచ్చే ఆటలో కూడా స్క్వీజ్ కోసం వెతికి కాంట్రాక్టు పోగొట్టుకునే దశ ఒకటి వస్తుంది. ముందు సులువైన దారులు చూడండి, రంగు విడిపోతుందా, ఫినెస్ ఉందా, వాటిని ముందే వాడేయకుండా దాచుకుంటూ స్క్వీజ్ కూడా కలుపుకోవచ్చా. మొదటి ఆటలో అంతే చేశాం: ఇస్పేటు 3-3, ఆఠీను 3-3 రెండు అవకాశాలూ అలాగే ఉంచుకున్నాం, వాటికి తోడు ఒకే మనిషి దగ్గర రెండూ ఉంటే అన్న మూడోదాన్ని కళావరు వదిలి కొనుక్కున్నాం. ఖర్చు ఏమీ లేదు, ఎలాగూ ఒక కళావరు పోవాల్సిందే.

ఈ నెలలో మీరు ఆడిన నోట్రంప్ ఆటల్లో ఒక్క ట్రిక్కుతో పోయినవి రెండు మూడు ఎంచి నాలుగు చేతులూ ఇక్కడ పెట్టండి. లీడ్ ఏమిటో, మొదటి ట్రిక్కులో డమ్మీ నుంచి మీరేం వేశారో తప్పకుండా రాయండి, నేను ముందు చూసేది అదే.